సైనికుల కత్తులు, ప్రకటనల కత్తులు: తరచుగా అడిగే ప్రశ్నలు

హెవీ డ్యూటీ కత్తుల గురించి ఇంటర్నెట్‌లో వెతికితే ముందు కనిపించేవన్నీ అమ్మేవాళ్ల మాటలే. వాటిలో నిజం కొంత ఉంటుంది, ఊరింపు చాలా ఉంటుంది. జీతం చేతికి రాగానే మొదటి ఖర్చుగా ఖరీదైన కత్తి కొని, ఆర్నెల్లు తిరక్కుండానే దాన్ని బ్యాగు అడుగున పడేసే కుర్ర సైనికులు ప్రతి సైన్యంలోనూ ఉంటారు. వాళ్ల డబ్బు, వాళ్ల భుజాల మీది బరువు రెండూ నాకు ముఖ్యమే. కొనేముందు అడగాల్సిన ప్రశ్నలకు తెలిసినంతవరకు సూటిగా జవాబులు ఇస్తున్నాను.

సైనికులు కత్తిని నిజంగా దేనికి వాడతారు?

ఎక్కువగా కొయ్యడానికి, తెరవడానికి. ఆ తర్వాత గీకడానికి, చెక్కడానికి.

పొద్దున లేస్తే తాళ్లు, టేపు, ప్లాస్టిక్ జిప్ టైలు, అట్టపెట్టెలు, ఇసుక బస్తాలు, వల గుడ్డలు, బ్యాగుల పట్టీలు. అమెరికన్ సైన్యం ఇచ్చే ఎంఆర్ఈ రేషన్ (వండకుండా తినే భోజనం) బయటి సంచి మందపాటి ప్లాస్టిక్. చింపుకోవడానికి అంచున చిన్న గాటు ఉంటుంది. చేతులు తడిసి, గ్లవ్స్ మీద బురద ఉన్నప్పుడు ఆ గాటు దొరకదు. కత్తి మొన దించి ఒక్క లాగు లాగితే పని అయిపోతుంది. లోపల మళ్లీ ప్యాకెట్లు, ఒక్కొక్కదానికీ ఇదే పని. పారాకార్డ్ ముక్కలు కొయ్యడం రోజులో ఎన్నిసార్లు వస్తుందో ఎవరూ లెక్కపెట్టరు. లోపల ఏడు పోగులు, బయట అల్లిన తొడుగు, 550 పౌండ్ల లాగుడు తట్టుకునే ఆ తాడుతో టార్పాలిన్ కడతారు, పరికరాలు వేలాడదీస్తారు, తెగిన బూటు లేసుకు బదులు వాడతారు.

రెండో వరుసలో కత్తితో చెయ్యకూడని పనులుంటాయి. మందుగుండు పెట్టె మూత లేపడం, పెట్టెకు చుట్టిన ఇనుప పట్టీ తెంపడం, టెంట్ మేకు కొట్టడం, రాళ్ల నేల తవ్వడం. ఇవి చెయ్యకూడదని అందరికీ తెలుసు. కానీ గునపం ట్రక్కులో ఉంటుంది, ట్రక్కు ఎక్కడో ఉంటుంది, పెట్టె మాత్రం ఇప్పుడే తెరవాలి. అప్పుడు చేతిలో ఉన్నదే గునపం అవుతుంది. గట్టి కత్తి కావాలన్న కోరిక అక్కడ పుట్టింది, అది న్యాయమైన కోరికే. అమ్మేవాళ్లు ఆ ఒక్క కోరికనే పట్టుకుని మొత్తం కథ అల్లడం దగ్గరే నాకు పేచీ.

అంటే శత్రువు మీద వాడరా?

చాలా అరుదు. తుపాకుల యుగం మొదలైన దగ్గర్నుంచీ అరుదే. అమెరికా అంతర్యుద్ధంలో ఉత్తరాది సైన్యపు వైద్యులు నమోదు చేసిన సుమారు రెండున్నర లక్షల గాయాల్లో బాయినెట్ (తుపాకీ మొనకు బిగించే కత్తి), కత్తి గాయాలు వెయ్యికి లోపే. అప్పటి తుపాకీ నిమిషానికి రెండు మూడు గుళ్లు మాత్రమే పేల్చేది. ఇప్పటి రైఫిల్‌తో పోల్చుకుంటే మిగతాది మీకే అర్థమవుతుంది.

అసలు జరగదనీ కాదు. 2004 మే నెలలో ఇరాక్‌లోని అమారా దగ్గర బ్రిటిష్ సైనికులు బాయినెట్లు బిగించి దాడి చేశారు. అలాంటివి వార్త అయ్యాయంటేనే అవి ఎంత అరుదో తెలుస్తుంది. అమెరికన్ ఆర్మీ 2010లో ప్రాథమిక శిక్షణ నుంచి బాయినెట్ దాడి కోర్సును తీసేసింది. మెరైన్లు మాత్రం అలాంటి శిక్షణ కొనసాగించారు. దాని ఉద్దేశంలో ధైర్యం, దూకుడు నేర్పడం పెద్ద భాగం.

పోరాటం కోసమే చేసిన కత్తులు ఉన్నాయి కదా?

ఉన్నాయి. వాటి చరిత్ర చదివితే ఈ విషయమంతా ఒక కొలిక్కి వస్తుంది.

షాంఘై పోలీసుల్లో పనిచేసిన విలియం ఫెయిర్‌బెయిర్న్, ఎరిక్ సైక్స్ కలిసి రూపొందించిన బాకును విల్కిన్‌సన్ స్వోర్డ్ సంస్థ 1941 మొదట్లో తయారు చెయ్యడం మొదలుపెట్టింది. బ్రిటిష్ కమాండోల గుర్తుగా నిలిచిపోయింది అది. సన్నగా, రెండు వైపులా అంచుతో, పొడవడానికి మాత్రమే పనికొచ్చేలా ఉంటుంది. దాంతో పెట్టె మూత లేపబోతే మొన విరుగుతుంది. నిజంగానే చాలా విరిగాయి.

దాన్ని చూసి అమెరికన్ మెరైన్లలో మెరుపుదాడులు చేసే రెయిడర్ల కోసం 1942లో స్టిలెట్టో అనే సన్నని పొడుపు కత్తి చేశారు. అదీ రోజువారీ పనికి నిలబడలేదు. అదే ఏడాది చివర్లో మెరైన్లు మార్క్ 2 కత్తిని తీసుకున్నారు. జనం నోట్లో అది కా-బార్. నిజానికి ఆ పేరు దాన్ని చేసిన కంపెనీల్లో ఒకదాని ముద్ర, కమిలస్ లాంటి వేరే కంపెనీలూ అదే కత్తిని చేశాయి. ఏడంగుళాల అలుగు (కోసే ఉక్కు భాగం), తోలు బిళ్లలు పేర్చిన పిడి, సుమారు 4 మిల్లీమీటర్ల మందం, 300 గ్రాములు దాటిన బరువు. పొడవడానికీ పనికొస్తుంది, డబ్బా తెరవడానికీ, కొమ్మ నరకడానికీ, మేకు కొట్టడానికీ పనికొస్తుంది. పసిఫిక్ దీవుల్లో అది ఎక్కువగా చేసింది ఈ చిల్లర పనులే. ఎనభై ఏళ్లు దాటినా ఇంకా తయారవుతోంది.

పోరాటానికే అంకితమైన కత్తి స్మారక చిహ్నంగా మిగిలితే, పని కత్తి వాడకంలో మిగిలింది. ప్రకటనలు మాత్రం ఇప్పటికీ మొదటిదాని బొమ్మే చూపిస్తాయి.

హెవీ డ్యూటీ అనడానికి ఏదైనా కొలత ఉందా?

లేదు. ఏ సంస్థా దానికి ప్రమాణం పెట్టలేదు, ఎవరు ఏ కత్తి మీదైనా రాసుకోవచ్చు. మార్కెట్లో ఆ పేరుతో వచ్చేవి మామూలుగా 5 నుంచి 6.5 మిల్లీమీటర్ల మందం, ఫుల్ టాంగ్ ఉన్న కత్తులు. ఫుల్ టాంగ్ అంటే అలుగు ఉక్కే అదే వెడల్పుతో పిడి చివరిదాకా సాగడం.

మందంగా ఉంటే మంచిదే కదా?

ఇక్కడ కాస్త ఆగాలి, ఎక్కువ డబ్బు వృథా అయ్యేది ఈ ప్రశ్న దగ్గరే.

అలుగు వంగకుండా నిలిచే శక్తి మందపు ఘనం (క్యూబ్) లెక్కన పెరుగుతుంది. మందం రెట్టింపు చేస్తే ఆ శక్తి ఎనిమిది రెట్లు. 4.2 మిల్లీమీటర్ల అలుగును 6.35కి తీసుకెళ్తే దాదాపు మూడున్నర రెట్లు. బరువు మాత్రం ఒకటిన్నర రెట్లే పెరుగుతుంది. కాగితం మీద బ్రహ్మాండమైన బేరం, ప్రకటనలో చూపించేదీ ఈ సగమే.

మిగతా సగం కోతలో బయటపడుతుంది. వస్తువును తెంపేది అంచు చివరి వెంట్రుకవాసి. కానీ ఆ అంచు వెనకాల ఉన్న ఉక్కంతా కూడా అదే సందులోంచి దూరాలి. సన్నటి అలుగు తాడులోకి జారిపోతుంది. ఆరు మిల్లీమీటర్ల అలుగు, పొట్టి వాలుతో (అంచు దగ్గర మాత్రమే పలచబరిచి) చెక్కినది, రెండు వైపులా నెట్టుకుంటూ వెళ్తుంది, మణికట్టు నొప్పి పుడుతుంది. మందపాటి అట్ట మీద ప్రయత్నించి చూడండి. సన్న కత్తి గీత గీసినట్టు వెళ్తుంది. మందపాటిది సగంలో బిగుసుకుపోతుంది, మీరు బలం పెంచుతారు, అట్ట ఒక్కసారిగా వదిలేస్తుంది, కత్తి మీ తొడ వైపు వస్తుంది. కత్తి గాయాల్లో ఎక్కువ భాగం ఇలా స్వయంగా చేసుకునేవే.

సైనికుల ఫిర్యాదులు వినండి. కత్తి విరిగిందనేది తక్కువ. మొద్దుబారిందని, తుప్పు పట్టిందని, బరువుగా ఉందని, పోయిందని అనేవే ఎక్కువ. 2003లో ఆఫ్ఘనిస్తాన్‌లో అమెరికన్ పదాతి దళాన్ని తూచి చూస్తే, పోరాటానికి వెళ్లేటప్పుడు ఒక్కొక్కరి మీద సగటున 63 పౌండ్లు, అంటే 28 కిలోలు పైచిలుకు ఉన్నాయి. అంత మోస్తున్న మనిషికి ఒర సహా ముప్పావు కిలో కత్తి అంటే దాదాపు ఒకటిన్నర నిండు తూటాల మ్యాగజైన్ల బరువు వదులుకోవడమే.

నా లెక్కలో మూడున్నర నుంచి ఐదు మిల్లీమీటర్ల మధ్య మందం, వెన్ను దాకా వాలు తీసిన అలుగు, నాలుగు నుంచి ఆరంగుళాల పొడవు నూటికి తొంభై పనులకు చాలు.

వీడియోలో ఆ కత్తితో కాంక్రీట్ దిమ్మె పగలగొట్టారు, కారు తలుపు లేపారు. అది అబద్ధమా?

అబద్ధం కాకపోవచ్చు. అడగాల్సింది వేరే: ఆ పరీక్ష దేన్ని కొలిచింది?

దిమ్మెను పగలగొట్టిన కత్తి విరగలేదంటే, ఉక్కు పెళుసుగా లేదని తెలిసింది. మంచిదే. కానీ అదే లక్షణాన్ని ఉక్కు గట్టిదనం కాస్త తగ్గించి టెంపర్ చేస్తే (చల్లార్చాక మళ్లీ కొద్దిగా వేడి చేస్తే) ఎవరైనా తెచ్చుకోవచ్చు. అలాంటి ఉక్కు విరగదు, పదును కూడా నిలవదు. వీడియోలో ఆ తర్వాత ఏం చేస్తారో గమనించండి. చాలాసార్లు అంచును దగ్గరగా చూపించరు. చూపిస్తే నొక్కులు, మడతలు కనబడతాయి. కొన్నిసార్లు మధ్యలో కట్ చేసి మళ్లీ సానపట్టిన కత్తితో కాగితం కోస్తారు.

ఇంకోటి, పరీక్షించింది ఒక్క కత్తిని. వేడి చేసి చల్లార్చే పనిలో వంద కత్తుల బ్యాచ్‌లో పది పాడైతే ఆ సంగతి ఒక్క వీడియోతో తెలియదు. నిజాయితీగల తయారీదారు గట్టిదనపు కొలత చెప్తాడు, ఎంత తేడా వస్తుందో చెప్తాడు, విరిగితే మార్చిస్తానని రాతపూర్వకంగా హామీ ఇస్తాడు. నాకు కాంక్రీట్ వీడియో కంటే ఆ హామీ కాగితం మీదే నమ్మకం ఎక్కువ.

కట్టెను చీల్చడానికి అలుగు వెన్ను మీద మరో కర్రతో కొట్టే పరీక్షను మాత్రం నేను కొట్టిపారెయ్యను. తడి అడవిలో లోపలి పొడి చెక్క కావాలంటే నిజంగా చేసే పని అది.

మిలిటరీ గ్రేడ్ అని రాసి ఉంది. అంటే సైన్యం పరీక్షించినట్టా?

కాదు. ఆ మాటకు చట్టపరమైన అర్థమేమీ లేదు. సైన్యం ఒక వస్తువు కొనాలంటే దానికి రాతపూర్వక నిర్దేశాలు ఉంటాయి: ఏ ఉక్కు, ఎంత గట్టిదనం, ఎంత పొడవు, ఏ పరీక్ష. ఒక కత్తి ఫలానా నిర్దేశం ప్రకారం చేసినదైతే దాని నంబరు చెప్పగలగాలి. చెప్పలేకపోతే ఆ మాట రంగు డబ్బా మీది పొగడ్త లాంటిదే.

నిర్దేశం ప్రకారం చేసినా సరే, గొప్ప కత్తి అని హామీ లేదు. సైన్యం చూసేది కనీస అవసరం తీరుతుందా, టెండర్లో ఎవరు తక్కువకు ఇస్తారు అనే.

ఎన్‌ఎస్‌ఎన్ నంబరు ఉందంటున్నారు?

నాటో స్టాక్ నంబరు 13 అంకెలది. మొదటి నాలుగు వస్తువు ఏ తరగతిదో చెప్తాయి, తర్వాతి రెండు ఏ దేశం నమోదు చేసిందో, మిగిలిన ఏడు ఆ వస్తువు గుర్తింపు. గోదాములో వెతుక్కోవడానికి, మళ్లీ ఆర్డర్ పెట్టడానికి పనికొచ్చే నంబరు. టాయిలెట్ పేపర్‌కు కూడా ఉంటుంది. నాణ్యతకు ముద్ర అనుకోకండి. ఎప్పుడో ఎవరో ఆ వస్తువును సరఫరా జాబితాలో చేర్చారని మాత్రమే దాని అర్థం. ఎన్ని కొన్నారో, అసలు కొన్నారో లేదో అది చెప్పదు.

స్పెషల్ ఫోర్సెస్ వాళ్లు వాడే కత్తి అని చెప్తే నమ్మొచ్చా?

వాడే అన్న ఒక్క మాట కింద నాలుగు రకాల సంగతులు దాక్కుంటాయి. సైన్యం అధికారికంగా ఇచ్చింది. ఒక యూనిట్ తన నిధులతో కొన్ని కొంది. సైనికుడు సొంత డబ్బుతో కొనుక్కున్నాడు. కంపెనీ ఉచితంగా పంపితే ఫోటో దిగాడు. నాలుగింటికీ ప్రకటనలో ఒకే వాక్యం రాస్తారు. ఏది అని అడగండి.

నిజంగా ముడిపడిన ఉదాహరణ ఒకటి చెప్తాను. అమెరికన్ ఆర్మీ స్పెషల్ ఫోర్సెస్ అర్హత కోర్సు పూర్తిచేసిన ప్రతి ఒక్కరికీ 2002 నుంచి యార్‌బరో కత్తిని ఇస్తున్నారు. డిజైన్ బిల్ హార్సీది, తయారీ క్రిస్ రీవ్ సంస్థది, ప్రతి కత్తికీ వరుస సంఖ్య ఉంటుంది. అదే కత్తిని బయటివాళ్లకు వేరే పేరుతో, యార్‌బరో ముద్ర లేకుండా అమ్ముతారు. ఎవరు సంపాదించుకున్నదో, ఎవరు కొనుక్కున్నదో తేడా చెరిపెయ్యకుండా అమ్మడం నాకు గౌరవంగా అనిపిస్తుంది. అందుకున్నవాళ్లలో చాలామంది దాన్ని జ్ఞాపికగా దాచుకుంటారు, పనికి వేరే కత్తి పట్టుకెళ్తారు.

అమెరికాలో ప్రభుత్వ ఉద్యోగి తన పదవిని ఏ వస్తువు ప్రచారానికీ వాడకూడదని నైతిక నియమావళి ఉంది. అది సర్వీసులో ఉన్న సైనికులకూ వర్తిస్తుంది. అందుకే ప్రకటనల్లో ముఖం మసకగా, యూనిఫాం మీద పేరు లేకుండా కనిపించే మనిషి ఎవరైనా కావచ్చు, అద్దె యూనిఫాం వేసుకున్న మోడల్ కూడా కావచ్చు. ఇక సైనిక దళాల అధికారిక చిహ్నం కత్తి మీద ఉంటే, ఆ చిహ్నం వాడుకునే లైసెన్స్ కొన్నారని అర్థం. కత్తిని ఆ దళం వాడుతోందని కాదు.

రిటైరైన సైనికుడే డిజైన్ చేశాడట. అది మంచి గుర్తేనా?

ఏం పని చేశాడో తెలిస్తే మంచి గుర్తే. ఇంజినీరింగ్ దళంలో వైర్లు, పెట్టెలు, కట్టెలతో బతికిన మనిషి, పారాచూట్ తాళ్లతో బతికిన మనిషి వేర్వేరు కత్తులు గీస్తారు. ఎవరి అనుభవం దేనిదో చెప్పకుండా యుద్ధంలో రాటుదేలినవాడు అని మాత్రమే రాస్తే, మీకు అమ్ముతున్నది కత్తిని కాదు, ఆ మనిషి గతాన్ని.

మల్టీటూల్ (ప్లైయర్స్, స్క్రూడ్రైవర్, చిన్న కత్తి కలిపి మడిచిన పనిముట్టు) ఉంటే పెద్ద కత్తి అవసరమా?

చాలామంది సైనికులకు అవసరం లేదు. ఇది అమ్మకందార్లకు ఇష్టంలేని జవాబు, కానీ వాడేవాళ్లను అడిగితే మళ్లీ మళ్లీ వచ్చే జవాబు ఇదే.

ఈ ఆలోచన కొత్తది కూడా కాదు. స్విస్ సైన్యం 1880ల చివర్లో తన సైనికులకు మడత కత్తి ఇవ్వాలనుకున్నప్పుడు అడిగినవి రెండే: డబ్బా తెరవాలి, కొత్త రైఫిల్‌ను విప్పగలగాలి. అందుకే అందులో స్క్రూడ్రైవర్ వచ్చింది. మొదటి విడత జర్మనీలోని జోలింగెన్‌లో తయారైంది, ఎందుకంటే స్విట్జర్లాండ్‌లో అంత పెద్ద ఆర్డర్ తీసుకునే సామర్థ్యం అప్పుడు లేదు. తర్వాత కార్ల్ ఎల్జెనర్ సంస్థ ఆ పనిలోకి దిగింది. ఇప్పుడు ప్రపంచమంతా దాన్ని విక్టోరినాక్స్ పేరుతో ఎరుగుదురు.

1983లో టిమ్ లెదర్‌మన్ ప్లైయర్స్‌ను మడతపెట్టి జేబులో పట్టేలా చేసి అమ్మడం మొదలుపెట్టాక అసలు మార్పు వచ్చింది. వైరు మెలితిప్పడం, బిగిసిపోయిన పిన్ను లాగడం, వదులైన స్క్రూ బిగించడం, కాలిన గిన్నెను పట్టుకోవడం, రేడియో కనెక్షన్ సరిచెయ్యడం. ఇవేవీ కత్తి చెయ్యలేదు. తర్వాత కొన్ని మోడళ్లలో రైఫిల్ బోల్ట్ మీది మసి గీకే భాగాన్ని కూడా చేర్చారు. ఒంటి చేత్తో తెరుచుకునే ప్లైయర్స్ ఎందుకు అంత హిట్టయ్యాయో, ఒక చేత్తో ఏదో పట్టుకుని రెండో చేత్తో మడత విప్పడానికి ప్రయత్నించినవాళ్లకు వెంటనే తెలుస్తుంది.

ఒక మల్టీటూల్, దానికి తోడు తేలికపాటి, మడవని అలుగున్న కత్తి ఉంటే చాలు. స్వీడన్ సైనికుల దగ్గర కనిపించే మోరా కత్తి వంద గ్రాముల చుట్టూ ఉంటుంది, అలుగు సన్నగా ఉంటుంది, ఖరీదు తక్కువ, పోతే ఏడవక్కర్లేదు.

వీపు మీద రంపపు పళ్లు పనికొస్తాయా?

కట్టె కొయ్యడానికి దాదాపు పనికిరావు. పళ్లకు రంపంలా ఎడమకీ కుడికీ వంపు ఉండదు కాబట్టి కాసేపటికే చెక్కలో బిగుసుకుంటాయి.

అవి మొదట వచ్చిన చోట వాటికి కారణం ఉంది. అమెరికన్ పైలట్ల సర్వైవల్ కత్తి వీపు మీది పళ్లు, కూలిన విమానపు పల్చని అల్యూమినియం తొడుగును కోసుకుని బయటపడడానికి పెట్టినవి. ఆ కారణాన్ని వదిలేసి రూపాన్ని మాత్రం ప్రతి కత్తికీ అతికించారు. అలుగును, ఒరను జోడించి కత్తెరలా వైరు తెంపే ఏర్పాటు మాత్రం నిజంగా ఉపయోగపడే ఆలోచన. సోవియట్ ఏకేఎం రైఫిల్ బాయినెట్‌లో ముందు వచ్చింది, 1980ల మధ్యలో అమెరికన్ ఎం9 బాయినెట్ దాన్నే తీసుకుంది.

పిడి లోపల బోలుగా ఉండి అగ్గిపుల్లలు, గాలం పెట్టుకునే కత్తులు?

వద్దు. 1980ల్లో సినిమాల ఊపుతో ఊరూరా అమ్ముడయ్యాయి. చౌకరకాల్లో అలుగు పిడిలోకి రెండంగుళాలు కూడా దిగదు, ఒక నట్టు మీద నిలబడుతుంది. గట్టిగా లివర్ వేస్తే ఊడొస్తుంది. అగ్గిపుల్లలు జేబులో పెట్టుకోండి.

ఏ ఉక్కు మంచిది?

ఉక్కు పేరు కంటే దాన్ని వేడి చేసి చల్లార్చిన తీరు ముఖ్యం. 1095 అనే రకం కార్బన్ ఉక్కు పాతది, చౌకది, సరిగ్గా టెంపర్ చేస్తే దెబ్బలకు ఓర్చుకుంటుంది, మామూలు రాయి మీద పదునెక్కుతుంది. కానీ చెమట తగిలితే రాత్రికి రాత్రే తుప్పు మచ్చలు. సముద్రం దగ్గర, వానాకాలపు అడవిలో స్టెయిన్‌లెస్ వైపు మొగ్గండి, తుప్పు మచ్చ పడిన అంచు ఎలాగూ కొయ్యదు.

పౌడర్ పద్ధతిలో చేసే ఖరీదైన ఉక్కులు పదును ఎక్కువకాలం నిలుపుతాయి. ఇంట్లో వాడేవాళ్లకు వరం. కానీ మొద్దుబారాక మామూలు రాయి వాటి మీద జారిపోతుంది, డైమండ్ పలక (వజ్రపు పొడి అద్దిన సాన) ఉండాలి. పిస్టల్‌తో పేరు తెచ్చుకోకముందు గ్లాక్ సంస్థ ఆస్ట్రియా సైన్యానికి చేసిన ఫీల్డ్ కత్తిని చూడండి. ఉక్కు కావాలనే కాస్త మెత్తగా ఉంచారు. త్వరగా మొద్దుబారుతుంది, త్వరగా పదునెక్కుతుంది, విరగడం కష్టం. ఇరవై ఏళ్ల కుర్రాడి చేతికి ఇచ్చే పనిముట్టు గురించి బాగా ఆలోచించినవాళ్లు చేసిన ఎంపిక అది.

గూర్ఖాల వంపు కత్తి కుక్రీ సంగతేమిటి?

హెవీ డ్యూటీ అన్న మాటకు అచ్చంగా సరిపోయే సైనిక కత్తి అదే. బరువంతా ముందువైపు ఉండడం వల్ల చిన్న గొడ్డలిలా నరుకుతుంది, పిడి దగ్గరి భాగం చెక్కడానికి పనికొస్తుంది. బ్రిటిష్ సైన్యంలోని గూర్ఖా సైనికులకు రెండు ఇస్తారు: ఒకటి పరేడ్‌కు, ఒకటి పనికి. ఆ ఏర్పాటులోనే ఎంత వివేకం ఉందో చూడండి. గౌరవానికి వాడేదానితో పొద నరకనక్కర్లేదు. అయితే దాన్ని చిన్నప్పట్నుంచి చేతబట్టినవాళ్ల నేర్పు కత్తితో పాటు కొరియర్‌లో రాదు.

కొనేటప్పుడు ఎవరూ చెప్పని విషయం ఏది?

ఒర.

కత్తి ఫోటోలు పదిహేను పెడతారు, ఒర ఫోటో ఒకటి. రోజంతా ఒంటి మీద ఉండేది మాత్రం ఒరే. తలకిందులుగా ఛాతీకి కట్టుకుని, దూకి, పాకి, మళ్లీ లేచినా కత్తి జారకూడదు. అలాగని ఒంటి చేత్తో లాగితే రావాలి. తోలు ఒర నిశ్శబ్దంగా ఉంటుంది, కానీ తడిస్తే రోజుల తరబడి ఆరదు, లోపల కార్బన్ ఉక్కు ఉంటే తుప్పు గ్యారంటీ. గట్టి ప్లాస్టిక్ ఒరకు తడి బాధ లేదు, అయితే లోపల ఇసుక చేరిందంటే కత్తి పెట్టిన ప్రతిసారీ అంచును గీకేస్తుంది. నడుస్తుంటే టకటక చప్పుడు కూడా వస్తుంది. అడుగున నీళ్లు కారడానికి రంధ్రం ఉందో లేదో చూడండి. పరీక్ష చాలా సులువు: కత్తి ఒరలో పెట్టి తలకిందులు చేసి చెవి పక్కన గట్టిగా ఊపండి.

గాయపడినవాళ్ల బట్టలు కత్తితో కొయ్యొచ్చా?

మెడికల్ కత్తెర అందుబాటులో ఉంటే కత్తి తియ్యకండి. ఆ కత్తెర కింది అలుగు మొన మొద్దుగా ఉంటుంది, చర్మం మీద జారుతుంది. కదులుతున్న వాహనంలో, వణికే చేతితో, మొనదేలిన కత్తిని బట్ట కిందికి దూర్చడం రెండో గాయానికి దారి. సీటు బెల్టులకు, పట్టీలకు కొక్కెంలా వంగిన కట్టర్లు ఉన్నాయి, అలుగు లోపలివైపు ఉంటుంది.

ఇలాంటి ప్రకటనలకు చట్టాలేవీ లేవా?

కొన్నిచోట్ల ఉన్నాయి. బ్రిటన్‌లో 1997 నాటి నైవ్స్ యాక్ట్ ప్రకారం, ఒక కత్తి పోరాటానికి తగినదని సూచించేలా, లేదా హింసను రెచ్చగొట్టేలా ప్రచారం చెయ్యడం నేరం. సైన్యాల వాడకం కోసం అమ్మేవాటికి, పురాతన వస్తువులకు షరతులతో మినహాయింపు ఉంది. వేరేచోట పోరాట యోధుడి కత్తి అని అరిచే కంపెనీ, బ్రిటన్ మార్కెట్‌కు వచ్చేసరికి క్యాంపింగ్, అడవి పని అంటూ మాట మార్చక తప్పదు. కత్తి అదే అయినా పని వేరే అయిపోతుంది!

అమెరికాలో అక్కడే తయారైందని రాసుకోవాలంటే మొత్తం, లేదా దాదాపు మొత్తం అక్కడే తయారై ఉండాలి. లేబుళ్ల విషయంలో ఫెడరల్ ట్రేడ్ కమిషన్ 2021లో ఇది నియమంగా తెచ్చింది. రక్షణ శాఖ కొనే చేతి పనిముట్లు స్వదేశీవే కావాలని 1941 నాటి బెర్రీ సవరణ చెప్తుంది. ఒకే కంపెనీ సైన్యానికి ఒక వరుస కత్తులు, బయటి మార్కెట్‌కు విదేశాల్లో చేయించిన మరో వరుస అమ్మడం మామూలే, అందులో తప్పేం లేదు. మొదటి వరుస పేరును రెండో వరుస పెట్టె మీద అచ్చువేస్తే తప్పు. ప్యాకింగ్ వెనకవైపు చిన్న అక్షరాలు చదవండి.

మావాడు సైన్యంలో చేరుతున్నాడు. పెద్ద కత్తి బహుమతిగా ఇవ్వాలనుకుంటున్నాం.

మీ ప్రేమ అర్థమవుతోంది. ముందు వాణ్ని శిక్షణ పూర్తి చెయ్యనివ్వండి. శిక్షణలో సొంత కత్తులు సాధారణంగా ఉంచుకోనివ్వరు. తర్వాత కూడా అలుగు పొడవు మీద స్థావరాన్ని బట్టి, కమాండర్‌ను బట్టి ఆంక్షలు ఉంటాయి. యూనిట్‌లోకి వెళ్లి, అక్కడి సీనియర్లు నడుముకు ఏం కట్టుకున్నారో చూసి, వాడే చెప్పాక కొనండి. పది మందిలో ఏడుగురు మంచి మల్టీటూల్, హెడ్‌ల్యాంప్, నాణ్యమైన సాక్సులు అడుగుతారని నా అంచనా.

ఫీల్డ్‌లో పదును ఎలా కాపాడుకోవాలి?

పూర్తిగా మొద్దుబారేదాకా ఆగకండి. అరచేతిలో పట్టే డైమండ్ పలక ఒకటి చాలు, నూనె అక్కర్లేదు. అంచు మీద నల్ల మార్కర్‌తో గీత గీసి, పలక మీద ఒక్కసారి రుద్ది చూడండి. సిరా అంచు చివర మాత్రమే పోతే కోణం ఎక్కువైంది, వెనక మాత్రమే పోతే తక్కువైంది. మొత్తం సమంగా పోయిన కోణమే ఆ కత్తిది. అదే కోణంలో ఒకవైపు రుద్దుతూ, రెండోవైపు బొటనవేలితో అడ్డంగా తడిమితే సన్నని గరుకు తగిలేదాకా వెళ్లండి. అప్పుడు వైపు మార్చండి. చివర్లో ఒత్తిడి బాగా తగ్గించి ఒక్కోవైపు నాలుగైదు సార్లు, ఆ తర్వాత బెల్టు లోపలివైపు తోలు మీద వెనక్కి లాగుతూ పదిసార్లు. పంటి అంచున్న భాగం మాత్రం బేస్‌కు తిరిగొచ్చాక గుండ్రటి రాడ్డుతో చేసుకోండి, ఫీల్డ్‌లో దాంతో కుస్తీ పట్టకండి.